గోడకి పద్దెనిమిది అంగుళాలు

పెళ్ళైన నలభయ్యో రోజున నేనొక కుర్చీతో వైరం పెట్టుకున్నాను. అది నూరేళ్ళు దాటిన కుర్చీ. నాకు ఇరవై నాలుగు. వయసులో పెద్దది కదా అని మొదట్లో కొంత మర్యాదగానే ఉన్నాను.

మా ఆయనది పాత ఇళ్ళు బాగుచేసే పని. కాలేజీలో నాకన్నా రెండేళ్ళు ముందు. ఇళ్ళు కట్టడం గురించి ఐదేళ్ళు చదివి, చివరికి ఉలీ చిత్రికా పట్టుకున్నాడు. 'డిగ్రీ ఉన్న వడ్రంగి' అని పేరు పెట్టింది నేనే. ఈ వేసవికి తనకి దొరికిన పని కొండమీది ఒక చిన్న ఊళ్ళో. నూటపాతికేళ్ళ చెక్క ఇల్లు. ఐదు గదులు వచ్చిపోయేవాళ్ళకి ఇస్తారు. రాత్రి బస, పొద్దున ఫలహారం. ముందు వసారా స్తంభాలూ మేడమెట్లూ పుచ్చిపోయాయి. పాతవి ఎలా ఉండేవో అచ్చం అలాగే చేసి పెట్టాలి. మూడు నెలల పని. మూడు నెలలూ మాకు ఆ ఇంట్లోనే బస, అదీ అన్నిటికన్నా మంచి గదిలో.

"ఇంతకన్నా మంచి హనీమూన్ ఎవరికి దొరుకుతుంది చెప్పు?" అన్నాడు.

నేను ఎగిరి గంతేశాను. మాటవరసకి కాదు, నిజంగానే వేశాను. మంచం కోడు తగిలి కాలి వేలు వాచింది.

మూడు నెలల తర్వాత ఎక్కడుండాలో కూడా తేల్చేసుకున్నాం. కొండ కింది ఊళ్ళో రెండు గదుల ఇల్లు. వేసవి అయ్యేదాకా మా కోసం ఆగుతానని ఆ ఇంటాయన మాటిచ్చాడు. వంటింటికి కిటికీ ఉంది. ఆ కిటికీ పక్కన ఏ డబ్బా ఎక్కడ పెట్టాలో నేను మనసులోనే సర్దేసుకున్నాను. పెళ్ళికి మా పెద్దమ్మ ఇచ్చిన కుక్కరు అట్టపెట్టె విప్పకుండా మాతోపాటు కొండెక్కింది.

ఆ ఇంటిని చూడగానే నాకు మతిపోయింది. కిటికీ అద్దాలు ఎంత పాతవంటే వాటిలో చిన్న చిన్న గాలిబుడగలున్నాయి. లోపల్నించి చూస్తే రోడ్డుమీద నడిచే మనుషులు బుడగ దగ్గరికి రాగానే ఒకసారి లావై మళ్ళీ సన్నబడతారు. మేడమెట్లలో ఐదోది ఎక్కితే చాలు, ఎవరో పిలిచినట్టు "ఊఁ" అంటుంది. తలుపు పిడి ఇత్తడి చేప. మొదటి రోజు ఆ చేపని పట్టుకుని పదిసార్లు లోపలికీ బయటికీ తిరిగాను.

ఇంటావిడకి అరవై దగ్గరపడి ఉంటాయి. సన్నగా, నిటారుగా, కొంగు దోపుకుని ఉంటుంది. ఆవిడ భర్త పొద్దున ఫలహారాలు చూసుకుంటాడు, తక్కువ మాట్లాడతాడు. మాకు వాళ్ళేమీ చుట్టాలు కారు. అయినా మొదటి పూటే ఆవిడ, "మేడం గీడం అనకు, నాకు ఒళ్ళు మండుతుంది. పిన్నీ అను" అంది. దాంతో ఆయన బాబాయిగారైపోయాడు. నన్ను మాత్రం ఆవిడ ఆ మూడు నెలలూ "పెళ్ళికూతురా" అనే పిలిచింది.

"ఇదీ మీ గది, పెళ్ళికూతురా. ఇదీ ఫోటో" అంది.

గోడమీద చట్రం కట్టిన నలుపూ తెలుపూ ఫోటో. ఇదే గది, వందేళ్ళ కిందటిది. ఇదే మంచం, ఇదే బీరువా, కిటికీ పక్కన చిన్న బల్ల, బల్లమీద గాజు దీపం. బల్లకి దూరంగా, గదికి కాస్త అడ్డంగా ఒక కుర్చీ. దాని చేతిమీద నల్లటి బట్ట ఒకటి వేలాడుతోంది.

"రోజూ పదింటినించి ఒంటిగంటదాకా ఇల్లు చూడ్డానికి జనం వస్తారు. అన్నిట్లోకీ ఈ గదే ముఖ్యం. తొమ్మిదిన్నరకల్లా గది ఆ ఫోటోలోలాగా ఉండాలి. మీ సామాను మెట్ల కింద అల్మారాలో పెట్టుకోండి. ఒంటిగంట తర్వాత మీ ఇష్టం."

"రోజూనా పిన్నిగారూ? ఆదివారం కూడానా?"

"ఆదివారమే కదా జనం ఎక్కువగా వచ్చేది" అంది ఆవిడ, అంత తెలివితక్కువ ప్రశ్న తన జన్మలో వినలేదన్నట్టు.

మొదటి వారం అదొక ఆటలా ఉండేది. పొద్దున ఎనిమిదిన్నరకి పక్క తీసి, దుప్పటి అంచు నేలకి నాలుగు వేళ్ళ ఎత్తున ఉండేలా సర్ది, దీపం చిమ్నీ బల్ల అంచుకి తిప్పి, మా చెప్పులూ దువ్వెనలూ బ్రష్షులూ సంచిలో వేసుకుని మెట్ల కింద దాచేవాళ్ళం. తొమ్మిదిన్నరకి పిన్నిగారు చెక్క స్కేలు పట్టుకుని వచ్చేది. ఫోటో వంక చూసేది, గది వంక చూసేది. అన్నీ సరిపోయేవి, కుర్చీ తప్ప.

"ముందుకాలికీ గోడకీ పద్దెనిమిది అంగుళాలుండాలి. ఇది పదహారుంది."

"జరుపుతాను పిన్నిగారూ."

"ఆ శాలువా మడత పడకూడదు. జారిపోతున్నట్టుండాలి, జారకూడదు."

జారిపోతున్నట్టుండి జారని శాలువాని మీరెప్పుడైనా చూశారా? నేనా మూడు నెలలూ చూశాను. నా బీకాం చదువంతా ఆ నల్ల శాలువా పాలైంది.

అదంతా ఎందుకో జనం వచ్చాక తెలిసింది. పిన్నిగారు వాళ్ళని గుమ్మం లోపల అడ్డంగా కట్టిన తాడుకి ఇవతల నిలబెట్టి, గొంతు తగ్గించి చెప్పేది: ఈ ఇంటి మొదటి ఇల్లాలు, అంటే బాబాయిగారి నాయనమ్మ, సాయంకాలాలు ఈ కుర్చీలోనే కూర్చునేవారట. భర్త కొండ దిగి వ్యాపారానికి వెళితే వారాల తరబడి రాడు. కుర్చీ ఇలా అడ్డంగా ఉన్నదెందుకంటే, ఆ వైపునించే దారి మలుపు కనిపిస్తుంది. ఆయన రాక కోసం చూసీ చూసీ, కబురు రాగానే ఒక్క ఉదుటున లేచి వెళితే, ఆ శాలువా ఇలాగే జారిందట.

మొదటిసారి విన్నప్పుడు నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. వసారాలో నిచ్చెన మీదున్న మా ఆయన దగ్గరికి పరిగెత్తుకెళ్ళి చెప్పాను. "నేను కూడా అలాగే చూస్తుంటా, నువ్వు పనికెళితే" అన్నాను.

"నేను పన్నెండు మెట్ల కిందే కదా ఉన్నా" అన్నాడు, నోట్లో మేకులు పెట్టుకుని.

రెండో వారానికల్లా ఆట ముదిరింది. మా ఆయన సోమవారంనించి శనివారందాకా చీకటిపడే వరకూ పనిచేస్తాడు. మిగిలింది ఆదివారం. పెళ్ళికి ముందు నేనేమీ పెద్ద పెద్ద కలలు కనలేదు. ఆదివారం పొద్దున పదింటిదాకా ఇద్దరం ముసుగుతన్ని పడుకుని, టీ ఎవరు పెట్టాలో దెబ్బలాడుకోవాలన్నదొక్కటే నా కోరిక. నాకది దక్కలేదు. దానికితోడు ఆ తలుపుకి గడియ పడదు. ఇల్లంతా బాగుచేస్తున్న మనిషి మా గది గడియ బిగించడానికి మాత్రం ససేమిరా అన్నాడు.

"అది అసలు గడియ. దాని నాలుక ఒక్కటే పోయింది. అచ్చం అలాంటిది పోత పోయించాలి. ఈలోపు కొత్తది బిగిస్తే చెక్కకి కొత్త చిల్లు పడుతుంది."

"చెక్కకి చిల్లు పడితే బాధ, నేను ట్రంకుపెట్టె అడ్డం పెట్టుకుని పడుకుంటే బాధ లేదు."

"ఒక్క మూడు నెలలే కదే."

బయట అందరి ముందూ "మీరు", "ఏవండీ" అనేదాన్ని. గదిలోకి వచ్చాక కాలేజీనాటి "నువ్వు" వచ్చేసేది. తలుపు సరిగ్గా పడకపోవడంతో ఏది ఎక్కడ అనాలో నాకే తికమకగా ఉండేది.

మూడో ఆదివారం తిరగబడదామని నిశ్చయించుకున్నాం. అంటే నేను నిశ్చయించాను, తను నిద్రపోతూ "ఊఁ" అన్నాడు. లేవలేదు. తొమ్మిదైంది. తొమ్మిదిన్నరైంది. ఆ రోజు పిన్నిగారు కింద బసకి దిగిన ఒక పెద్ద గుంపుని చూసుకుంటూ స్కేలుతో పైకి రాలేదు. నేను విజయగర్వంతో దుప్పటి గడ్డందాకా లాక్కున్నాను. అప్పుడు వినిపించింది, ఐదో మెట్టు "ఊఁ" అనడం. ఒకసారి కాదు, పన్నెండుసార్లు.

అంత వేగంగా నేను పరీక్ష కూడా రాయలేదు. పక్క సర్దాను, దీపం తిప్పాను, చెప్పులు కిటికీలోంచి బయటికి విసిరాను. మా ఆయన బనీనుతో నిలబడి, "నేనెక్కడికెళ్ళాలి?" అంటున్నాడు. బీరువాలోకి తోసేశాను. తలుపు తెరుచుకునేసరికి నేను చేతులు కట్టుకుని, అక్కడ పనిమనిషినైనట్టు గోడకానుకుని నిలబడ్డాను.

పిన్నిగారు నన్నొక చూపు చూసి, కథ మొదలుపెట్టింది. ఎదురుచూపుల దాకా వచ్చేసరికి బీరువా దగ్గింది.

జనం ఉలిక్కిపడ్డారు. "లోపలెవరో ఉన్నట్టున్నారే?" అన్నాడొకాయన.

"పాత ఇల్లు కదండీ" అంది పిన్నిగారు రెప్పవేయకుండా. "చెక్క అలా చప్పుడు చేస్తుంటుంది. అది బాగుచేయడానికే ఒక వడ్రంగిని పెట్టాం. ఎక్కడున్నాడో ఏమో."

ఒకావిడ తాడు మీంచి వంగి బల్లమీదికి చూపించింది. "ఆ పచ్చ క్లిప్పు ఆ కాలందేనా అండీ?"

అది నా జడ క్లిప్పు. పిన్నిగారు దాన్ని తీసి, కొంగుతో తుడిచి, "ఇది మాత్రం ఈ కాలందే. దీని సంగతి తర్వాత చెబుతాను" అంది.

ఆ 'తర్వాత' ఒంటిగంటకి వచ్చింది. ఆవిడ అరవలేదు. క్లిప్పు నా అరచేతిలో పెట్టి, "పెళ్ళికూతురా, నేను ఈ ఇంటికొచ్చి ముప్పై నాలుగేళ్ళైంది. ఒక్క ఆదివారం కూడా పదింటికి పక్కమీద లేను. ఏమైనా అరిగిపోయానా?" అంది. నాకు పట్టరాని కోపం వచ్చింది. ఆ కోపంలో ఆవిడ అన్న మాట నాకు సరిగ్గా వినపడలేదు.

రెండో నెలలో పిన్నిగారి కాలు మడతపడింది. మా ఆయన ఒక మెట్టు ఊడదీసి పెడితే, అలవాటుకొద్దీ చూసుకోకుండా ఆ ఖాళీలో కాలేసింది. చీలమండ గుమ్మడికాయలా వాచింది. మేడ ఎక్కకూడదన్నాడు డాక్టరు. దాంతో జనానికి గది చూపించే పని నామీద పడింది.

చెప్పకపోతే అబద్ధం, ఆ పని నాకు నచ్చింది. నేను కథ చెబుతుంటే జనం ఊపిరి బిగబట్టి వినేవాళ్ళు. నా వంతుగా కొంచెం మసాలా కూడా జోడించాను. వాన, గాలి, ఆరిపోబోయే దీపం. ఒకావిడ ఏడ్చింది కూడా. వసారాలోంచి మా ఆయన వచ్చి గుమ్మం దగ్గర నిలబడి వినేవాడు. తనకి నామీద అంత మురిపెం నేనెప్పుడూ చూడలేదు.

"ఇల్లు నీ చేతికి అందివచ్చింది" అంది పిన్నిగారు ఒకరోజు కింద గదిలోంచి, కాలు పీటమీద పెట్టుకుని. "ఈ పని అందరికీ రాదు. మీరిద్దరూ ఇక్కడే ఉండిపోతే బాగుండును. మాకూ వెనకాముందూ ఎవరున్నారు గనక?"

నేను నవ్వి ఊరుకున్నాను. మా ఆయన నవ్వలేదు, చిత్రిక పదును చూసుకున్నాడు. ఆ రోజు నేనది పట్టించుకోలేదు.

ఆ తర్వాతి ఆదివారం జనంలో ఒక ముసలాయన ఉన్నాడు. నేను కథంతా చెప్పి, శాలువా జారడం దగ్గర గొంతు వణికించి ఆపాను. ఆయన ఫోటో దగ్గరికి వెళ్ళి, కళ్ళజోడు పైకెత్తి చూసి, మెల్లగా నవ్వాడు.

"అమ్మాయ్, మాది మూడు తరాలుగా ఫోటో స్టూడియో. అది శాలువా కాదు తల్లీ. ఫోటోగ్రాఫరు నెత్తిమీద కప్పుకునే గుడ్డ. చూడు, అంచుకి కట్టుకునే తాళ్ళు కూడా ఉన్నాయి. వెలుతురు కోసమో, మూడుకాళ్ళ స్టాండు పట్టకో కుర్చీ పక్కకి నెట్టి, దాని మీద పడేసి ఉంటాడు. మా తాతా అంతే, ఎక్కడి గుడ్డ అక్కడ పారేసేవాడు."

జనం గొల్లుమన్నారు. నేనూ నవ్వాననుకుంటాను. వాళ్ళు వెళ్ళాక ఫోటోకి ముక్కు ఆనించి చూశాను. తాళ్ళున్నాయి. రెండు.

సరాసరి వంటింట్లోకి వెళ్ళాను. బాబాయిగారు కప్పులు తుడుస్తున్నాడు. విషయం చెప్పాను. ఆయన తుడుస్తున్న కప్పుని ఇంకోసారి తుడిచాడు.

"నాకు తెలుసమ్మా."

"తెలుసా!"

"మా నాయనమ్మే చెప్పింది. గది ఇరుకుగా ఉందని ఫోటోగ్రాఫరు విసుక్కుని, కుర్చీ ఈడ్చి మూలకి తోశాడట. పోతూ పోతూ మళ్ళీ జాగాలో పెట్టకుండా పోయాడని చచ్చేదాకా తిట్టేది. పైగా ఆవిడ ఆ కుర్చీలో కూర్చోవడమేమిటి? ఇరవైమంది కూలీలకి వండిపెట్టేది. కూర్చునే తీరికెక్కడిది?"

"మరి పిన్నిగారికి?"

ఆయన తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "పెళ్ళైన మూడో నెలలో తనకా ఫోటో అటకమీద దొరికింది. పరిగెత్తుకుంటూ వచ్చింది, ఇదిగో నువ్వు మీ ఆయన దగ్గరికి పరిగెత్తినట్టే. నాయనమ్మ దారి చూసే కుర్చీ, నాయనమ్మ శాలువా అంటూ అక్కడికక్కడే కథ అల్లేసింది. మొహం వెలిగిపోతోంది. అప్పుడెలా చెప్పను? రేపు చెబుదాంలే అనుకున్నా. మర్నాడు అదే కథ అతిథులకి చెప్పింది. ఆ పై వారం తాడు కట్టింది. స్కేలు కొంది. ఇంకేం చెబుతాను?"

"ముప్పై నాలుగేళ్ళు బాబాయిగారూ! రోజూ పద్దెనిమిది అంగుళాలు!"

"నాకు తెలీదా? మొదట్లో పదేళ్ళు నేనే కొలిచాను." కప్పు బోర్లించాడు. "నువ్వు మాత్రం చెప్పకు. మాటివ్వు."

ఇచ్చాను. అంత విసుగులో ఇచ్చిన మాట ఇంకోటి లేదు. వెనక్కి తిరుగుతుంటే ఆయన, "పోనీలే, వచ్చే ఏడాదినించి నీ చేతిమీదుగానే కదా నడిచేది. నువ్వే మెల్లగా మార్చుకో" అన్నాడు.

"వచ్చే ఏడాదేమిటి?"

ఆయన చేతిలో తువ్వాలు ఆగింది. "మీ ఆయన ఒప్పుకున్నాడుగా, ఇక్కడే ఉండిపోతామని. నాలుగు రోజుల కిందటే పిన్నితో అన్నాడు. నీకు... చెప్పలేదా?"

మా ఆయన వసారాలో నిచ్చెనెక్కి కొత్త స్తంభానికి ఇసుకకాగితం పడుతున్నాడు. తలనిండా చెక్కపొట్టు. ఆ వాసనంటే నాకు ప్రాణం. ఆ రోజు ముక్కు మూసుకున్నాను.

"ఏవండీ, ఒకసారి దిగుతారా?"

చుట్టూ ఎవరూ లేకపోయినా "ఏవండీ" అనేసరికి తనకి సగం అర్థమైపోయింది. దిగాడు.

"ఆ రెండు గదుల ఇంటాయనకి రావడం లేదని చెప్పేశావా?"

"లేదు. ఇంకా చెప్పలేదు."

"నాకు?"

"చెబుదామనే అనుకున్నానే. నువ్వు గదిలో నిలబడి ఆ కథ చెబుతుంటే... నీ మొహం చూశావా ఎప్పుడైనా? ఎంత సంబరంగా ఉంటావో. నీకూ ఇక్కడే బాగుందనుకున్నా. రేపు చెబుదాంలే అని..."

నాకు నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది. రెండూ ఒకేసారి రావడంతో వెక్కిళ్ళు పట్టుకున్నాయి. తను గాభరాపడి ఇసుకకాగితంతోనే నా వీపు నిమరబోయాడు.

"బాగుంది" అన్నాను. "అద్దంలో బుడగలు బాగున్నాయి. చేప బాగుంది. కథ చెప్పడం ఇంకా బాగుంది. కానీ నేను ఆదివారం పొద్దున పదింటికి పడుకుని ఉండాలి."

"పడుకో."

"ఎక్కడ?"

తను మేడ గది కిటికీ వైపు చూశాడు. కిటికీలోంచి కుర్చీ అంచు కొంచెం కనిపిస్తోంది. తర్వాత చేతులు దులుపుకుని గేటు దగ్గరికి నడిచాడు. ఆ ఇంట్లో ఫోన్ సిగ్నల్ దొరికేది గేటు స్తంభం పక్కన ఒక్క చోటే, అదీ ఎడమకాలు రాయిమీద పెట్టి నిలబడితేనే. నేను వసారా మెట్టుమీద కూర్చుని వెక్కుతూ చూశాను. ఎడమకాలు రాయిమీద పెట్టాడు. మాట్లాడాడు. తిరిగొచ్చాడు.

"వచ్చే నెల ఒకటో తారీకున రమ్మన్నాడు. వంటింట్లో కుళాయి కారుతోందట, నన్నే చూసుకోమన్నాడు."

"కారనీ" అన్నాను.

అక్కడితో అయిపోతే బాగుండేది. పిన్నిగారికి చెప్పాలి కదా. మా ఆయన రెండుసార్లు చెప్పడానికని వెళ్ళాడు. మొదటిసారి టీ తాగి వచ్చాడు. రెండోసారి ఆవిడ చేతికర్ర అడుగున రబ్బరు తొడుగు బిగించి వచ్చాడు. మూడోసారి నేనే, ఫలహారాల బల్ల దగ్గర, ఆవిడ రొట్టెకి వెన్న రాస్తుండగా చెప్పేశాను.

ఆవిడ వెన్న అంచులదాకా పూర్తిగా రాసింది. "ఓహో" అంది. అంతే.

ఆ 'ఓహో' మూడు వారాలు నడిచింది. కాలు కాస్త నెమ్మదించగానే కర్ర పట్టుకుని పైకి రావడం మొదలుపెట్టింది. దుప్పటి అంచు అరవేలు తేడా ఉందనేది. దీపం చిమ్నీలో నా వేలిముద్ర ఉందనేది. కుర్చీ సరే సరి.

"పదిహేడున్నర."

"జరుపుతాను పిన్నిగారూ."

"శాలువా ఏమిటి, ఆరేసినట్టుంది?"

నిజం నా నాలుక చివర్న కూర్చుని ఉండేది. గుడ్డ అండీ అది, గుడ్డ! కానీ బాబాయిగారు మెట్ల కింద కప్పుల చప్పుడు చేస్తూ ఉండేవాడు. మింగేసేదాన్ని. ఒకరోజు ఒళ్ళుమండి, జనం వెళ్ళాక తాడు దాటి వెళ్ళి ఆ కుర్చీలో కూర్చున్నాను. కూర్చుని తలెత్తి చూశాను. చూసి, లేచి, కుర్చీ మళ్ళీ పద్దెనిమిది అంగుళాలకి జరిపి, ఎవరికీ ఏమీ చెప్పలేదు.

మా ఆయన పని ముగించాడు. మెట్లన్నీ కొత్తవే, చూడ్డానికి పాతవే. ఐదో మెట్టు "ఊఁ" అనడానికి మాత్రం తనకి నాలుగు రోజులు పట్టింది. చెక్క కింద ఒక చీలిక వదిలి, ఎక్కీ దిగీ, చెవి ఆనించి, మొత్తానికి అనిపించాడు. గడియ పోత కూడా ఆ వారమే వచ్చింది. మేం వెళ్ళే ముందురోజు బిగించాడు. అచ్చం అసలుదే. ఒక్క తోపుతో టక్కుమని పడింది. నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు.

వెళ్ళే రోజు ఆదివారం. పదింటికి జీపు. గది నేనే సర్దాను, చివరిసారి కదా అని పట్టుదలగా. దుప్పటి, దీపం, శాలువా, కుర్చీ. తొమ్మిదిన్నరకి కర్ర చప్పుడు, ఐదో మెట్టు చప్పుడు, తర్వాత పిన్నిగారు. ఆయాసపడుతూ వచ్చి స్కేలు పెట్టింది.

"పద్దెనిమిది" అంది. ఇంకోసారి కొలిచింది. "సరిగ్గా పద్దెనిమిది. వెళ్ళిపోయే రోజుకి వచ్చింది పని."

ఆవిడ చీలమండ మళ్ళీ వాచి ఉంది. పళ్ళబిగువున నిలబడిందని తెలుస్తూనే ఉంది. చెప్పనని మాటిచ్చాను. కూర్చోమనకూడదని ఎవరికీ మాటివ్వలేదు.

"కాసేపు కూర్చోండి పిన్నిగారూ."

"ఎక్కడ?"

కుర్చీ వైపు చూశాను.

"దాన్లోనా? అది కూర్చోడానికి కాదే, పెళ్ళికూతురా."

"జనం రావడానికి ఇంకా టైముంది. కాలు చూడండి ఎలా ఉందో."

ఆవిడ తాడు వంక చూసింది, అది కట్టింది తనేనని మర్చిపోయినట్టు. తర్వాత కొక్కెం తప్పించి, శాలువా నలగకుండా ఒక పక్కకి ఒదిగి, మెల్లగా కూర్చుంది. కుర్చీ కిర్రుమంది. ఆవిడ వెనక్కి ఆనింది. కర్ర ఒళ్ళో పెట్టుకుంది. తలెత్తి కిటికీ వైపు చూసింది.

నేను ఇత్తడి చేపని పట్టుకుని నిలబడ్డాను.

ఆవిడ మెడ ఇటు తిప్పింది, అటు తిప్పింది. కొంచెం ముందుకి వంగింది. మళ్ళీ వెనక్కి ఆనింది.

"ఇక్కణ్ణించి దారి కనపడదు" అంది.

నేను చేప తోకని బొటనవేలితో రుద్దాను.

"బీరువా పక్క కనిపిస్తోంది. నీళ్ళ ట్యాంకు కనిపిస్తోంది."

"అవును పిన్నిగారూ."

"నువ్వెప్పుడు కూర్చున్నావు?"

"మొన్నొకరోజు."

ఆవిడ వేళ్ళు శాలువా అంచుని పట్టుకుని, అక్కడ లేని తాళ్ళని వెతుకుతున్నట్టు తడిమాయి. అలా నాకే అనిపించిందేమో. కింద వంటింట్లో కప్పుల చప్పుడవుతోంది. ఆవిడ కాసేపు ఆ చప్పుడు వింది.

"మీ బాబాయిగారికి తెలుసా?"

నా మొహానికి దాచడం రాదు. కాలేజీలో పేకాటలో కూడా నేనెప్పుడూ గెలవలేదు. ఆవిడ నా మొహాన్ని చూసి, చాలన్నట్టు తలాడించింది.

"సరే, వెళ్ళు. జీపొచ్చింది. తలుపు దగ్గరికి వేసి వెళ్ళు."

వేశాను. నేను రెండు మెట్లు దిగానో లేదో, లోపల గడియ టక్కుమని పడింది.

కింద మా ఆయన పెట్టెలు ఎక్కిస్తున్నాడు. కుక్కరు అట్టపెట్టె నేనే ఒళ్ళో పెట్టుకున్నాను. గేటు బయట పదిహేనుమందిదాకా జనం చేరారు. పదైంది. ముప్పై నాలుగేళ్ళుగా పదికి తెరుచుకునే గేటు తెరుచుకోలేదు. పదీ ఐదైంది. జనం గడియారాలు చూసుకుంటున్నారు. ఒకాయన గేటు తట్టాడు. బాబాయిగారు చేతులు తుడుచుకుంటూ గబగబా వచ్చి, తాళం తీయబోయి, మేడ కిటికీ వైపు తలెత్తి చూశాడు. అలా చూస్తూనే చాలాసేపు ఉండిపోయాడు.

"ఏమండీ, తెరవరా?" అన్నారెవరో.

"కొంచెం ఆగండి" అన్నాడాయన. "ఆవిడ కూర్చుంది."

"ఎంతసేపు?"

"ఏమో బాబూ. ఎప్పుడూ కూర్చోలేదు. నాకూ తెలీదు."

ఇంకొక్క ఐదు నిమిషాలు ఆపవయ్యా అని నేను బతిమాలుతూనే ఉన్నాను. జీపు డ్రైవరు వినలేదు.